ఇరవై ఆరో కిలో

*బియ్యం మూట బరువు పెరిగింది. దేవుడి బొమ్మకు పన్ను పోయింది, నాయకుడి బొమ్మకు మిగిలింది. ట్రాక్టరు టైరు ధర తగ్గింది, పురుగుమందు ధర తగ్గలేదు. నంద్యాల, ఆళ్లగడ్డల్లో పన్నుల మీద నడుస్తున్న వాదన వెనక ఏముంది?*

"25 కేజీల మూట ఇయ్యి అన్నా."

"25 యాడిది సామీ! అన్నీ 26వే వస్తాండాయి."

కొన్నేళ్ల కిందట నంద్యాలలో ఏ బియ్యం కొట్టు ముందు నిలబడినా ఈ మాట వినపడేది. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, అలవాటైపోయింది. నెల మొదటి వారం. హమాలీ భుజం మీంచి మూట దించి స్కూటర్ మీద కాళ్లు పెట్టుకునే చోట నిలబెడతాడు. తెల్లటి సంచి, మీద వరికంకుల బొమ్మ, దారంతో కుట్టిన మూతి. అడుగున చిన్న అంకెల్లో 26 కేజీలు. కొన్నాయన నోట్లు తీస్తూ, బల్ల మీద పరిచి ఉన్న పేపర్లో జీఎస్టీ వార్త చూసి ఒక మాటంటాడు. నూనె ప్యాకెట్ కోసం వచ్చి నిలబడినాయన దానికి ఎదురు మాటంటాడు. ఇద్దరివీ రెండు పార్టీలు.

"తినే బియ్యం మీద పన్నేసింది మీవోళ్లున్నప్పుడే గదప్పా?"

"మీవోళ్లొచ్చి తీసేసినారా మరి?"

కొట్టు యజమాని ఎవరివైపూ మాట్లాడడు. చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు.

ఇద్దరన్నదీ నిజమే. 2022లో ఆ పన్ను పడ్డప్పుడు రాష్ట్ర ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్. ఆయన అప్పటి డోన్ ఎమ్మెల్యే, డోన్ ఉన్నది నంద్యాల జిల్లాలోనే. 2025 సెప్టెంబరులో దేశమంతా పన్నులు తగ్గినప్పుడు రాష్ట్రంలో ఉన్నది కూటమి ప్రభుత్వం. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్. వందల వస్తువుల మీద తగ్గింది కానీ బియ్యం ప్యాకెట్ మీది 5 శాతం అలాగే ఉండిపోయింది. ఎవరి మంత్రి కూర్చున్నా ఆ 5 శాతం కదల్లేదు. అయినా కొట్టు ముందు జరిగే వాదనలో ఒక ప్రశ్న రాదు: మూట మీద 25 ఎందుకు 26 అయింది? పన్ను ఎంత శాతమన్నది అందరికీ నోటికొచ్చు. ఆ పన్ను గీతను ఎక్కడ గీశారో ఎవరూ పట్టించుకోరు. ఈ రెండు ఊళ్లలో జనం కొనే తీరును, పనిచేసే తీరును మార్చింది మాత్రం ఆ గీతే.

25 దగ్గర గీత

2022 జూన్ చివర్లో చండీగఢ్‌లో జీఎస్టీ మండలి 47వ సమావేశం జరిగింది. ముందే సంచిలో నింపి లేబులు వేసి అమ్మే బియ్యం, పప్పులు, పిండి, పెరుగు, మజ్జిగ మీద 5 శాతం పన్ను వేయాలని అక్కడ తేల్చారు. జులై 18 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం 25 కిలోలు దాటిన ధాన్యం మూటను చిల్లర ప్యాకెట్‌గా లెక్కించరు. అంటే సరిగ్గా 25 కిలోల మూటకు పన్ను ఉంది, అంతకు మించితే లేదు.

మూట ధర 1,500 రూపాయలు అనుకుందాం. 5 శాతమంటే 75 రూపాయలు. ఇంకో కిలో పోసి కుట్టేస్తే ఆ 75 లేదు. మిల్లుల వాళ్లకు ఇది అర్థం కావడానికి ఆడిటర్ అక్కర్లేకపోయింది. సంచులు మారాయి, కాటాలో బరువు మారింది, ఇంట్లో బియ్యం డబ్బా మాత్రం పాత సైజుదే. చట్టాన్ని ఎవరూ మీరలేదు. గీత ఎక్కడుందో చూసుకుని ఒక కిలో దూరం జరిగారు, అంతే.

అంతకుముందు ఇంకో గీత ఉండేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టరైన బ్రాండు పేరుతో అమ్మే బియ్యానికే పన్ను, పేరు లేని మూటకు లేదు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న బ్రాండు మీద హక్కును కాగితం రాసిచ్చి వదులుకున్న వ్యాపారులు దేశమంతా ఉన్నారు. మంచి బియ్యమని పేరు తెచ్చుకోవడమే నష్టమైన రోజులవి. ఆ చిక్కు తీర్చడానికని బరువు గీత తెచ్చారు. అది ఇంకో చిక్కు తెచ్చింది.

ఈ బియ్యం సంగతి కూడా చెప్పుకోవాలి. రాష్ట్రాలు దాటి కర్నూలు సోనా అని పిలిపించుకునేది బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, రైతు మాటలో బీపీటీ 5204. కేసీ కాలువ నీళ్లు, ఇక్కడి నల్లరేగడి కలిసి ఆ గింజకు పేరు తెచ్చాయి. అంటే పన్ను పడింది ఎక్కడో తయారై వచ్చిన సరుకు మీద కాదు, ఈ ఊరి పొలంలో పండి ఈ ఊరి మిల్లులో ఆడిన బియ్యం మీద.

మరి ఆ పన్ను ఎవరు కడుతున్నారు? ఒక్కసారిగా 1,500 రూపాయలు తీయగలిగిన ఇల్లు కట్టడం లేదు. కట్టేది 5 కిలోల ప్యాకెట్, 10 కిలోల సంచి కొనేవాళ్లు. నంద్యాలలో అలాంటివాళ్లు చాలామంది. బ్యాంకు ఉద్యోగాల కోచింగ్‌కు ఈ ఊరు పెట్టింది పేరు. అనంతపురం నుంచి, ప్రకాశం నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లలు వచ్చి, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని చదువుకుంటారు. రైస్ కుక్కర్ ఒకటి, పచ్చడి సీసా ఒకటి. 26 కిలోల మూట కొని పెట్టుకోవడానికి గదిలో చోటుండదు, చేతిలో డబ్బుండదు. వాళ్లు కొనేది చిన్న ప్యాకెట్. జీఎస్టీ మండలి రాజ్యాంగంలోని ఏ అధికరణం కింద ఏర్పడిందో పరీక్ష కోసం బట్టీపట్టే ఆ పిల్లలే ఇంట్లోవాళ్లు కట్టని పన్ను గదిలో కడుతున్నారు. రోజు కూలికి పోయి సాయంత్రం సరుకు తెచ్చుకునే ఇల్లాలి సంగతీ దాదాపు ఇంతే. గోనెసంచి విప్పి కాటా మీద తూచి ఇచ్చే విడి బియ్యానికి పన్ను లేదు కాబట్టి, అలా అమ్మే కొట్టు దగ్గరుంటే ఆమె బతికిపోతుంది.

తక్కువ ఉన్నవాడి మీద ఎక్కువ భారం వేయాలని మండలిలో ఎవరూ అనుకుని ఉండరు. అయినా గీత అక్కడ పడింది కాబట్టి జరిగింది అదే. ఇది సవరించాల్సిన తప్పు, దీన్ని సమర్థించడానికి నాకు ఒక్క కారణమూ కనిపించడం లేదు.

దేవుడికి సున్నా, నాయకుడికి ఐదు

నంద్యాల నుంచి కడప వైపు జాతీయ రహదారి మీద వెళితే ఆళ్లగడ్డ రాకముందే చెవికి తెలుస్తుంది. రాతి మీద ఉలి చప్పుడు ఒకప్పుడు. ఇప్పుడు దాని మీద గ్రైండర్ల కూత. రోడ్డు పక్క రేకుల షెడ్లలో తెల్లటి రాతిదుమ్ములో మనుషులు, మూతికి తువ్వాలు, కనుబొమల మీద కూడా దుమ్ము. బయట వరసగా నిలబెట్టిన విగ్రహాలు. వెంకటేశ్వరుడు, ఆంజనేయుడు, సగం చెక్కిన అమ్మవారు. వాళ్ల పక్కనే చెయ్యెత్తిన ఎన్టీఆర్, పంచెకట్టులో వైఎస్సార్, పుస్తకం పట్టుకున్న అంబేడ్కర్. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. తరాలుగా విశ్వబ్రాహ్మణ కుటుంబాలు పట్టుకొచ్చిన పని ఇది. తర్వాత ఇతర కులాల పిల్లలూ వచ్చి నేర్చుకున్నారు. ఇక్కడ చెక్కిన మూర్తులు తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు గుళ్లకు వెళతాయి.

ఈ షెడ్లలోకి జీఎస్టీ వచ్చిన తీరు చూస్తే పన్నుల చట్టం ఒక పనివాడి రోజును ఎలా చీలుస్తుందో తెలుస్తుంది. 2018 జులై 21న జరిగిన మండలి 28వ సమావేశం రాయి, పాలరాయి, కొయ్యతో చేసిన దేవతామూర్తులకు పన్ను పూర్తిగా ఎత్తేసింది. మిగతా చెక్కిన రాతి వస్తువులన్నీ 12 శాతం కింద ఉండిపోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 12 కాస్తా 5 అయింది. అంటే ఒకే రాయి, ఒకే ఉలి, ఒకే చెయ్యి. పొద్దున చెక్కిన లక్ష్మీనరసింహస్వామికి సున్నా, మధ్యాహ్నం చెక్కిన అంబేడ్కర్‌కు మొన్నటిదాకా 12, ఇప్పుడు 5.

ఊళ్లో విగ్రహం పెట్టడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఈ తేడా బరువు తెలుస్తుంది. ఎస్సీ కాలనీలో కుర్రాళ్లు కమిటీ వేసుకుంటారు. ఇంటికి 200, 500 రాయించుకుంటారు. హైదరాబాదులో, బెంగళూరులో పనిచేసే వాళ్లకు ఫోన్లు చేస్తారు. లక్ష రూపాయల విగ్రహమైతే 12 శాతం కింద 12,000. అది ఇరవై నాలుగు నుంచి అరవై ఇళ్ల చందా. పక్క వీధిలో గుడి కమిటీకి ఆ ఖర్చు లేదు. ఇద్దరూ చందాలతోనే కడుతున్నారు, ఇద్దరికీ ఆ రాయి భక్తే. గుడికి మినహాయింపు ఇవ్వడం సరైన పని, కాలనీకి ఇవ్వకపోవడమే అన్యాయం. 5 శాతానికి దిగాక అంతరం తగ్గింది కానీ పోలేదు.

ఇంకో చిక్కు ఉంది. దేవతామూర్తి అంటే ఏది? నంద్యాల చుట్టూ నవనందులున్నాయి, మహానంది పక్కనే. శివాలయానికి చెక్కే నంది దేవుడా, జంతువా? జంతువుల రాతి బొమ్మలు పన్ను పట్టికలో విడిగా ఉన్నాయి. నందిని జంతువనే మాట ఇక్కడ ఏ శిల్పీ అనలేడు. గరుత్మంతుడు, ద్వారపాలకులు, గోపురం మీది యాళి, విగ్రహం కిందికి వచ్చే పీఠం, మండపం స్తంభం, వీటిలో ప్రతిదానికీ ప్రశ్న ఉంది. నోటిఫికేషన్‌లో ఉన్నది దేవతామూర్తులన్న మాట ఒక్కటే, దానికి వివరణ లేదు. ఆగమశాస్త్రం చదివిన స్థపతికి జవాబు తెలుసు. బిల్లు రాసే కుర్రాడు మాత్రం భయపడుతూ రాస్తాడు.

సున్నా పన్ను అనగానే శిల్పికి లాభమే అనుకుంటాం. అందులోనూ మెలిక ఉంది. పన్ను కట్టి అమ్మే వస్తువైతే, దాని కోసం కొన్న సరుకు మీద ముందే కట్టిన పన్నును వ్యాపారి మినహాయించుకోవచ్చు. పన్ను లేని వస్తువుకు ఆ వెసులుబాటు లేదు. రాతి దిమ్మె మీద పన్ను, వజ్రపు పొడి అద్దిన కటింగ్ బ్లేడు మీద పన్ను, గ్రైండర్ మీద పన్ను, పాలిష్ సామాను మీద పన్ను, అన్నీ దేవుడి విగ్రహం ఖర్చులోకి చేరిపోతాయి. స్వామివారి బిల్లులో సున్నా కనిపిస్తుంది, ధరలో ఆ పన్ను దాగి ఉంటుంది. నాయకుడి బొమ్మ అమ్మితే మినహాయింపు వస్తుంది కానీ, 18 శాతం పెట్టి బ్లేడు కొని 5 శాతానికి బొమ్మ అమ్మేవాడికి కట్టిన పన్ను ఖాతాలో పేరుకుంటుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే కాగితాల పని. నెలకు రెండు మూడు బొమ్మలు చేసే మనిషి ఆ పనికి పోడు, వదిలేస్తాడు.

ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలుండే చిన్న షెడ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా అంటారు. నిజమే. ఊరికే మూర్తులు చెక్కుకునే కుటుంబానికి జీఎస్టీ నంబరే ఉండదు. కానీ దేవస్థానాల టెండర్లకు, ప్రభుత్వ విగ్రహాల పనులకు నంబరు కావాలి. నంబరున్న పెద్ద షెడ్డు పని తెచ్చుకుంటుంది, లేనివాడు అక్కడ కూలికి చెక్కుతాడు. రాతిదుమ్ము పీల్చే ఊపిరితిత్తులు మాత్రం ఇద్దరివీ ఒకటే, ఆ జబ్బుకు కొనే మందులకీ ధర ఒకటే.

> ఏమేం తగ్గాయి?
>
> 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం 12, 28 శాతం అంతస్తులను దాదాపు ఎత్తేసింది. సెప్టెంబరు 22 నుంచి అమలు. మన ప్రాంతానికి పనికొచ్చేవి కొన్ని:
>
> ట్రాక్టరు 12 నుంచి 5. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు 18 నుంచి 5. బిందు సేద్యం పరికరాలు 12 నుంచి 5. సిమెంటు 28 నుంచి 18. గ్రానైటు, పాలరాతి దిమ్మెలు 12 నుంచి 5. నెయ్యి, వెన్న 12 నుంచి 5. తలనూనె, సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5. 350 సీసీ లోపు మోటారు సైకిళ్లు 28 నుంచి 18. నోటుపుస్తకాలకు, సొంతానికి తీసుకునే జీవిత, ఆరోగ్య బీమాకు సున్నా.
>
> మారనివి: 25 కిలోల దాకా బియ్యం ప్యాకెట్ 5, ఎరువులు 5, రసాయన పురుగుమందులు 18.

మన్రో దొర లెక్క

పన్ను తగ్గిస్తే ఖజానాకు నష్టమా, లాభమా? టీవీ చర్చల్లో అరుచుకునే ఈ ప్రశ్న ఈ నేల మీద రెండు వందల ఏళ్ల కిందటే పడింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలన్నారు. నచ్చని ఆ పేరును మార్చి రాయలసీమ అని పెట్టుకున్నది కూడా 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే. ఆ దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. ఊరూరా పొలాలు కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టాడు.

వెళ్లిపోయే ముందు 1807లో మన్రో పైవాళ్లకు ఒక నివేదిక రాశాడు. తాను కట్టిన శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతం అవుతోందని, దాన్ని నాలుగో వంతు తగ్గించి పంటలో మూడో వంతుకు తేవాలని అందులో కోరాడు. బావుల కింద తోటలకు ఇంకొంచెం ఎక్కువ తగ్గించమన్నాడు. తగ్గిస్తే రైతు చేతిలో మిగులుతుంది, బీడు సాగులోకి వస్తుంది, కొన్నేళ్లలో రాబడి దానంతటదే పూడుతుంది, ఇదీ ఆయన వాదన. కంపెనీకి అప్పుడు డబ్బు అవసరం, వినలేదు. పన్నెండేళ్ల పైచిలుకు రైతులు పాత భారమే మోశారు. మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకనే, 1820లో, ఆ తగ్గింపు అమలైంది.

శిస్తు కథలో ఇంకో సగం ఆళ్లగడ్డకు పడమటి వైపు, కోవెలకుంట్లలో ఉంది. కంపెనీ పాలెగాళ్ల ఆదాయాన్ని తీసేసుకుని నెలనెలా పింఛను ఇచ్చింది. ఊరి కాపలా కాసే కట్టుబడి వాళ్ల మాన్యాలను ఒక్కొక్కటిగా లాక్కుంది. ఖజానా లెక్కలో అది రాబడి పెంచుకోవడం. కట్టుబడి ఇంట్లో అది పొయ్యి ఆరిపోవడం. పింఛను దగ్గర అవమానపడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట 1846లో ఆ కట్టుబడులే నడిచారు. వాళ్లు దాడి చేసినవాటిలో కోవెలకుంట్ల ఖజానా ఉంది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలోనే ఉరితీశారు. ఆయన మీద తీసిన సినిమాలో కత్తులు, గుర్రాలు చూశాం. ఆ తిరుగుబాటు వేరు ఎవరి భూమికి శిస్తు, ఎవరి భూమికి మాన్యం అన్న గీతలోనే ఉంది.

> కల్లు పోయి అమ్మకం పన్ను వచ్చింది
>
> మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. దేశంలో అలాంటి పన్ను అదే మొదటిది. తర్వాత 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ. మద్యం, పెట్రోలు, డీజిల్ మాత్రం ఈనాటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి.

నంద్యాల ఎంపీ, దేశ ప్రధాని

ఆర్థిక విధానం మీద వాదించే హక్కు ఏదైనా ఊరికి ప్రత్యేకంగా ఉందంటే అది నంద్యాలకే ఉంది. 1991 జూన్ 21న ప్రధాని అయిన నాటికి పీవీ నరసింహారావు ఏ సభలోనూ సభ్యుడు కాదు. జులై 24న మన్మోహన్‌సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్ దేశం దారి మార్చింది. అదే బడ్జెట్ ఎరువుల ధరలు 40 శాతం పెంచింది. గగ్గోలు పుట్టాక దాన్ని 30 శాతానికి దించారు, చిన్న రైతులను మినహాయించారు. ఆ తర్వాత నాలుగు నెలలకే ప్రధాని ఓట్లడగడానికి వచ్చింది యూరియా బస్తా లేనిదే పొద్దు గడవని నంద్యాలకు. గంగుల ప్రతాపరెడ్డి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. పీవీ మెజారిటీ 5.8 లక్షలు, అప్పటికి ప్రపంచ రికార్డు.

ఎరువు ధర మీద కోపం ఉండి కూడా రైతులు ఓటేశారు. అది ఆయన విధానానికి వేసిన ఓటు అనుకోను, మనవాడన్న అభిమానానికి వేసిన ఓటు. అయినా దిగుమతి సుంకాలు దిగడం, రాజా చెల్లయ్య కమిటీ పన్నుల సంస్కరణకు బాట వేయడం, 1994లో సేవల పన్ను పుట్టడం, ఇవన్నీ నంద్యాల ఎంపీ ప్రధానిగా ఉన్న కాలంలోనే జరిగాయి. జీఎస్టీ వేర్లు అక్కడున్నాయి.

తగ్గింది ఎక్కడ ఆగింది?

2025 అక్టోబరు 16న ప్రధాని మోదీ శ్రీశైలం మల్లన్న దర్శనం చేసుకుని, కర్నూలు దగ్గర నన్నూరు సభకు వెళ్లారు. సభ పేరే సూపర్ జీఎస్టీ, సూపర్ సేవింగ్స్. అప్పటి నుంచి ఇక్కడ టీకొట్ల దగ్గర చర్చ అదే. తగ్గించినాయన గొప్పవాడని ఒక వర్గం. ఎనిమిదేళ్లు ఎక్కువ వసూలు చేసి ఇప్పుడు తగ్గించడం గొప్పా అని ఇంకో వర్గం. జనం చేతిలో డబ్బు మిగిలితే కొనుగోళ్లు పెరిగి రాబడి అదే వస్తుందనేది మొదటి వర్గం లెక్క. రాష్ట్రాలకు పరిహారం ఇచ్చే గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది, ఇప్పుడు తగ్గిన రాబడిని ఎవరు పూడుస్తారని రెండో వర్గం. మన్రో నివేదిక, దాన్ని తిప్పికొట్టిన కంపెనీ జవాబు, రెండూ ఇక్కడ మళ్లీ నడుస్తున్నాయి.

నాకు రెండు వాదనల్లోనూ పస కనిపిస్తుంది. కానీ రెండిటిలోనూ లేని మనిషి ఒకాయన ఉన్నాడు, బిల్లు తీసుకోని కొనుగోలుదారు. పెద్ద కంపెనీ కారు ధర తగ్గితే పేపర్లో ప్రకటన వస్తుంది. సిమెంటు బస్తా మీద 28 పోయి 18 అయిందని కొలిమిగుండ్లలో, గడివేముల మండలంలో సిమెంటు ఫ్యాక్టరీల పక్కనే ఉన్న ఊళ్లలో అందరికీ తెలుసు. ఇల్లు కట్టుకుంటున్న మనిషి మేస్త్రీ చెప్పిన ధరకు బస్తా తెప్పిస్తాడు. ఆ ధర పన్ను తగ్గాక వచ్చిందా, తగ్గక ముందుదా ఆయనకు ఎవరు చెబుతారు? పన్ను తగ్గించినా ధర తగ్గించని వ్యాపారుల మీద విచారణ చేయడానికి జీఎస్టీ మొదలైనప్పుడు ప్రత్యేక ఏర్పాటు ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి అది కొత్త ఫిర్యాదులు తీసుకోవడం మానేసింది. అంతకాలంలో అతిపెద్ద తగ్గింపు వచ్చింది ఆ తలుపు మూసిన ఐదున్నర నెలలకు. ఇప్పుడు మిగిలింది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ నంబరు ప్రతి సిమెంటు దుకాణం గోడ మీద, ప్రతి మందుల షాపు అద్దం మీద ఉండాలి.

ఇక రైతు. ఆయనకు జీఎస్టీ నంబరు లేదు, వడ్లకు పన్ను లేదు. కాబట్టి ఆళ్లగడ్డ శిల్పి దేవుడి విగ్రహం దగ్గర ఎక్కడ ఇరుక్కున్నాడో రైతు కూడా అక్కడే ఇరుక్కున్నాడు. కొన్న ప్రతిదాని మీదా కడతాడు, ఒక్క రూపాయీ వెనక్కి రాదు. ట్రాక్టరు మీద తగ్గిన 7 శాతం మంచిదే, కొనేవాడికి వేలల్లో మిగులుతుంది. కానీ కేసీ కాలువ ఆయకట్టులో ఐదెకరాల కౌలుదారు ట్రాక్టరు కొనడు, బాడుగకు పిలుస్తాడు. ఆ బాడుగను నిర్ణయించేది డీజిల్. డీజిల్ జీఎస్టీలో లేనే లేదు, దాని మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ వేరువేరుగా పడతాయి. ఆయన కొనేది పీవీసీ పైపు, దానికి 18. ఎరువు, దానికి 5. పురుగుమందు, దానికి 18. పత్తికి, మిరపకు పంటకాలంలో ఎన్నిసార్లు కొట్టాల్సి వస్తుందో ఈ జిల్లాలో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. కౌలు రైతుల అప్పుల పుస్తకాలు తిరగేస్తే మందుల షాపు పద్దే పెద్దగా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరులో జీవ పురుగుమందులు కొన్నిటిని 12 నుంచి 5కు దించారు. రైతు ఎక్కువగా కొనే రసాయన మందుల జోలికి పోలేదు.

మండలిలో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతులు కావాలి. చిన్న రాష్ట్రానికైనా, పెద్ద రాష్ట్రానికైనా ఓటు విలువ సమానం. ఆంధ్రప్రదేశ్‌కూ ఒక ఓటు, ఒక కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో నంద్యాల జిల్లా మనిషి ఐదేళ్లు కూర్చున్నారు, ఇప్పుడు అనంతపురం జిల్లా మనిషి కూర్చున్నారు, రేపు ఇంకొకరు కూర్చోవచ్చు. రాయలసీమ నుంచి వెళ్లే ఆ మంత్రి తర్వాతి సమావేశానికి పెద్ద పెద్ద ఫైళ్లు మోసుకెళ్లనక్కర్లేదు. 25 కిలోల దాకా బియ్యం ప్యాకెట్ మీద పన్ను ఎత్తేయమని, చందాలతో ఊళ్లో నిలబెట్టే రాతి విగ్రహాలను దేవతామూర్తులతో సమానంగా చూడమని, పురుగుమందును 18 నుంచి 5కు దించమని మూడు లైన్లు రాసుకెళ్తే చాలు. కొట్టు ముందు వాదించుకునే రెండు పార్టీల వాళ్లూ తమ నాయకులను అడగాల్సింది ఆ మూడు లైన్లు ఎప్పుడు చదువుతారనే.